పిచ్చుక పుట్టినరోజు గౌను

“ఇది ఎవరు కుట్టారు?” అని టైలరమ్మ మూడోసారి అడిగింది.

ఆమె మొగుడు, అంటే మన బడి వ్యాన్ డ్రైవరు, ఈసారీ వినపడనట్టే ఊరుకుని చేతిలోని బెలూన్ని ఊదుకుంటూ పోయాడు. ఊదగా ఊదగా అది గుమ్మడికాయంత అయింది. ఇంకో గుక్క ఊదితే పేలేట్టుంది. పేలితే ఆ అదురులో ప్రశ్న ఎటో కొట్టుకుపోతుందని అతని ఆశ కాబోలు.

కటింగు బల్ల మీద, రంగు కాగితాలకీ జిగురు సీసాకీ మధ్య, లేత పసుప్పచ్చ గౌను పడి ఉంది. పొద్దున బెలూన్ల ప్యాకెట్టు కోసం వ్యాను సీటు కింద చెయ్యి పెడితే టైలరమ్మకి దొరికింది అది. బెలూన్లు డ్యాష్‌బోర్డులో ఉన్నాయి. వాటి చోటు అతను ముందే సరిగ్గా చెప్పి ఉంటే ఈ గొడవే లేకపోను.

“చెప్పానుగా. వ్యాన్లో వచ్చే పిల్ల తల్లి ఎవరో ఇచ్చింది. వాళ్ళ పాపకి పొట్టిదైపోయిందిట. మన పిచ్చుకకి తొడగమంది.”

“పొట్టిదైపోయిందా?”

“ఆఁ.”

“ఎన్నిసార్లు తొడిగాక?”

“అవన్నీ నేనెలా అడుగుతాను? ఇచ్చింది, తీసుకున్నాను. రేపు పార్టీకి కొత్త గుడ్డ కొనే పని తప్పిందని సంతోషించక, ఏమిటీ పోలీసు విచారణ?”

టైలరమ్మ గౌనుని లోపలివైపు తిరగేసి అతని ముక్కు కింద పెట్టింది. అతుకు పక్కనే నీలం సుద్దగీత ఇంకా చెరగకుండా ఉంది. ఒక్క ఉతుకు పడితే చాలు, ఆ గీత మిగలదు.

“ఒక్కసారి కూడా నీళ్ళు చూడని గౌను పొట్టిదెలా అయిందండీ?”

అతను బెలూను మూతికి ముడి వెయ్యబోయాడు. అది చేతిలోంచి జారి గదంతా చక్కర్లు కొట్టి, కుట్టుమిషను వెనక్కి పోయి పడింది. మూల కూర్చుని కాగితపు గొలుసులు అతికిస్తున్న అత్తగారు కిసుక్కున నవ్వింది.

“అది మాత్రమే కాదు” అంది టైలరమ్మ. “ఎడం చంక చూడండి. అరవేలు కిందికి కోశారు.”

డ్రైవరు చూశాడు. చూసినా అతనికి అర్థమయ్యేది కాదు. గేరుబాక్సు సంగతి అడిగితే గంట చెబుతాడు గానీ చంక కోత అతనికెలా తెలుస్తుంది? టైలరమ్మకి తెలుసు. కూతురు పిచ్చుక రెండేళ్ళప్పుడు మంచం మీంచి పడి ఎడమవైపు మెడ దగ్గర ఎముక విరగ్గొట్టుకుంది. అతుక్కుంది గానీ ఆ భుజం రవ్వంత దిగింది. చూసేవాళ్ళకి తెలియదు. టేపు పెట్టి కొలిచినవాళ్ళకే తెలుస్తుంది. అప్పటినించీ తను పిచ్చుకకి కుట్టిన ప్రతి గౌనుకీ ఎడం చంక అరవేలు దించే కోస్తోంది. ఇప్పుడు ఈ గౌనుకీ అదే కోత.

“నా పిల్లని ఎవరో నిలబెట్టి, చేతులెత్తించి, కొలతలు తీశారు. ఎవరు? ఎక్కడ? మీరు అక్కడే ఉన్నారా?”

డ్రైవరు నీళ్ళు నమిలాడు. “ఏమో, దర్జీవాడికి చెయ్యి జారిందేమో” అన్నాడు. అని, భుజం మీద తువ్వాలు వేసుకుని లేచాడు. “నాకు టైమైంది. వ్యాను తియ్యాలి.”

“ఇవాళ బడికి సెలవు.”

“టైర్లకి గాలి కొట్టించాలి” అనేసి, చెప్పులు ఒకటి కుడిదీ ఒకటి ఎడమదీ తారుమారుగా తొడుక్కుని మరీ మెట్లు దిగిపోయాడు.

అత్తగారు జిగురు వేళ్ళు తుడుచుకుంది. “నా కొడుకే గానీ, వాడికి అబద్ధం ఆడ్డం చేతకాదమ్మాయ్. చిన్నప్పుడూ అంతే. నోరు తెరవకముందే చెవులు ఎర్రబడతాయి. చూశావా ఇందాక?”

“చూశాను అత్తయ్యా.”

“మగాణ్ణి ఒక్కసారిగా నిలదీయకు. వదిలెయ్యి. వాడే కక్కుతాడు. ముందు రేపటి సంగతి చూడు. కుర్చీలు కింది వాటా వాళ్ళని అడిగావా?”

కుర్చీలు అడిగింది. డాబా అడిగింది. గ్లాసులు ఇంట్లోవే చాలవని పై వాటావాళ్ళవి అడిగింది. వ్యాను గేరుబాక్సు ఈసారి ఇంట్లో దాచుకున్నదంతా మింగేసింది కాబట్టి, ఈ పుట్టినరోజుకి అడగని వస్తువూ అడగని మనిషీ లేరు. పిల్లల నెత్తిన టోపీలు అవీ ఇవీ గుడ్డపీలికలతో తనే కుడుతోంది. పోయేటప్పుడు ఒక్కొక్కరి చేతిలో పెట్టే చిన్న సంచులూ ఆ పీలికలవే. వ్యానులో వచ్చే పిల్లలందరినీ పిలుద్దామని పిచ్చుక ఏడ్చింది. మన మేడలో ఉండే పిల్లలు చాలని తను ఒప్పించింది. కేకు ఒక్కటే తక్కువ. దాని మాట ఎత్తితే, “కేకు నేను చూసుకుంటాను, నువ్వు పట్టించుకోకు” అన్నాడు డ్రైవరు. పెళ్ళయిన నాటినించీ ఉప్పు ప్యాకెట్టు సంగతి కూడా తను చూసుకుంటానని అనని మనిషి ఆ మాట అనడం ఆమెకి అప్పుడే ఎలాగో అనిపించింది.

కటింగు బల్ల ముందు కూర్చుంది గానీ కత్తెర ఆడలేదు. ఎవరై ఉంటుంది? బడి గేటు దగ్గర నిలబడే తల్లులందరినీ ఒక్కొక్కరినే మనసులో నిలబెట్టి పరీక్షించింది. నల్లకళ్ళద్దాల పొడుగావిడ ఒకతె ఉంది. పిల్లని ఎక్కించే వంకతో కిటికీలో తల పెట్టి డ్రైవరుతో తెగ కబుర్లు చెబుతుంది. ఆవిడ అవునేమో. ఆవిడ కాకపోతే బడిలో ఆయా. ఆమెకి ఒళ్ళు మండింది. మండినకొద్దీ టోపీల మీద కుట్లు వంకర పోయాయి.

పిచ్చుక లోపలికి వచ్చి బల్ల అంచుకి గడ్డం ఆనించింది. రేపటికి అయిదేళ్ళు నిండుతాయి దానికి. పేరు వేరే ఉంది గానీ, మాటలు మొదలుపెట్టింది లగాయతూ నోరు మూయని పిల్లని పిచ్చుక అనక ఇంకేమంటారు?

“అమ్మా, నా టోపీ అందరికంటే పెద్దదేనా?”

“పెద్దదే. ఇలా రా, తల కొలుస్తాను.” టేపు దాని నుదుటి చుట్టూ తిప్పుతూ, ఏమీ లేనట్టు అడిగింది. “నేను కాక ఇంకెవరైనా ఇలా కొలిచారా నిన్ను?”

“చెప్పకూడదు.”

“ఎవరు చెప్పకూడదన్నారు?”

“అదీ చెప్పకూడదు.”

టైలరమ్మ నవ్వు తెచ్చిపెట్టుకుంది. “సరే, చెప్పొద్దులే. పాపం, ఆవిడకి కొలవడం సరిగ్గా వచ్చి ఉండదు. నాకులాగా ముందు మెడ దగ్గర మొదలెట్టదేమో.”

పిచ్చుక వలలో పడింది. “వచ్చు! ముందు భుజమే కొలిచింది. నువ్వు ఈ చేత్తో రాస్తావు కదా, ఆవిడ ఈ చేత్తో రాసింది” అని ఎడమచెయ్యి గాల్లో ఊపింది. ఊపాక, అయ్యో అన్నట్టు ఆ చేత్తోనే నోరు మూసుకుంది.

టైలరమ్మ చేతిలో టేపు అలాగే ఉండిపోయింది. “పో, నానమ్మ దగ్గర ఆడుకో” అంది.

పిల్ల వెళ్ళాక గౌను అంచు పట్టుకుని కిటికీ వెలుగులోకి తీసుకెళ్ళింది. అంచు మడిచి చేత్తో వేసిన సన్నటి కుట్లు. ఏ చేత్తో కుట్టేవాళ్ళకి ఆ చేతివైపు వాలతాయి కుట్లు. తనవన్నీ ఒకవైపు వాలతాయి. ఇవి ఎదురు వాలి ఉన్నాయి. ఆమెకి మిషను నేర్పిన చెయ్యి అది. ఒక్క మిషను మీద ఇద్దరూ వంతులేసుకుని కుట్టిన రోజుల్లో, ఎవరు ఏ బట్ట అంచు వేశారో కుట్టు చూసి చెప్పేవాళ్ళు పుట్టింట్లో.

అక్క.

నల్లకళ్ళద్దాల ఆవిడ అయినా బాగుండేదనిపించింది టైలరమ్మకి. మొగుడు ఇంకో ఆడదానితో నవ్వితే పోట్లాడి గెలవొచ్చు. ఇది అలాంటిది కాదు. పిచ్చుకని కన్నది అక్క.

అప్పట్లో అక్కకి మొగుడూ లేడు, తలదాచుకోను ఇల్లూ లేదు. పురుడు వచ్చిన పది పన్నెండు రోజులకి, పసిగుడ్డుని తువ్వాల్లో చుట్టి తెచ్చి చెల్లెలి ఒళ్ళో పెట్టింది. “ఇక నీ కూతురే. నేను మళ్ళీ కనపడను” అని మెట్లు దిగి వేరే ఊరు వెళ్ళిపోయింది. చెల్లెలు ఆ మాటని పట్టుకుని బతికింది. బడిలో పుట్టినతేదీ రాయించాల్సి వచ్చినప్పుడు పిల్ల పుట్టిన రోజు చెప్పలేదు. తన ఒళ్ళోకి వచ్చిన రోజు చెప్పింది. ఏటా పుట్టినరోజు ఆ తేదీనే. అది తప్పని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. తను తల్లయింది ఆ రోజే కదా.

ఇప్పుడు అక్క తిరిగొచ్చింది. నా పిల్లని నాకిచ్చెయ్యమంటే? ఆ తలపుతో ఆమె గౌను బల్ల మీద పడేసి మెట్లు దిగింది.

టైర్లకి గాలి కొట్టించడానికి వెళ్ళినవాడు సందు చివర నీడలో వ్యాను ఆపుకుని, తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తున్నాడు.

“మా అక్క ఊళ్ళోకి ఎప్పుడొచ్చింది?”

గుడ్డ అతని చేతిలోంచి బకెట్లో పడింది. అది తీసుకోవడానికి చాలాసేపు వంగే ఉన్నాడు.

“ఎండాకాలంలో” అన్నాడు చివరికి. “తనే గేటు దగ్గరికి వచ్చింది. ఎలా కనుక్కుందో తెలీదు. నేను పిలవలేదు.”

“నాకు చెప్పాలనిపించలేదా?”

“రోజూ అనిపించింది. చెబితే ఏం చేసేదానివి? పిచ్చుకని చంకనేసుకుని రాత్రికి రాత్రే ఇల్లు మారేదానివి.”

“మారేదాన్నే.”

“అందుకే చెప్పలేదు.”

సందులో సైకిలు ఒకటి గంట కొట్టుకుంటూ పోయింది. టైలరమ్మ వ్యాను తలుపు పట్టుకుని నిలబడింది.

“ఎన్నిసార్లు చూసింది?”

“రెండుసార్లు. ఒకసారి ఊరికే చూసింది. ఒకసారి కొలిచింది. రెండుసార్లూ నేను పక్కనే ఉన్నాను. కుట్టే ఆంటీ అని చెప్పాను పిల్లకి.”

“ఏడ్చిందా?”

“పిచ్చుకా?”

“మా అక్క.”

అతను తలూపాడు. టైలరమ్మకి ఒక్క క్షణం జాలేసింది. జాలి వేసినందుకు తన మీదే కోపం వచ్చింది.

“ఏం కావాలిట?”

“ఏమీ అడగలేదు. రేపు ఆ గౌను తొడిగితే చాలంది. తనే కుట్టానని నీకు తెలియక్కర్లేదంది.”

“మా అక్క ఏమీ అడగకుండా ఊరుకునే మనిషి కాదు. దాన్ని నాకంటే మీరెక్కువ ఎరుగుదురా? చిన్నప్పుడు నా బొమ్మ కావాలంటే బొమ్మ అడిగేది కాదు. ముందు బొమ్మకి గౌను కుట్టి ఇచ్చేది.”

డ్రైవరు గుడ్డ పిండి మళ్ళీ అద్దం మీద పెట్టాడు.

“ఒక్కటి నిజం చెప్పండి. పిచ్చుక ఎప్పుడు పుట్టిందో, ఆ అసలు రోజు ఏదో, అది పిల్ల చెవిన వేసిందా?”

“లేదు.”

“నామీద ఆన?”

“లేదంటున్నానుగా! ఇంకేమీ లేదు. ఉన్నదంతా చెప్పేశాను.”

ఆమె అతని చెవుల వైపు చూసింది. ఎర్రగానే ఉన్నాయి. ఆ మాటకొస్తే మధ్యాహ్నపు ఎండలో ఎవరి చెవులైనా ఎర్రగానే ఉంటాయి. నమ్మాలని ఉంది ఆమెకి. నమ్మకపోతే రేపు ఆ డాబా మీద అతని పక్కన ఎలా నిలబడుతుంది?

“అయితే రమ్మనండి” అంది హఠాత్తుగా.

“ఎవర్ని?”

“దాన్నే. దొంగచాటుగా గేటు దగ్గర చూడ్డం ఎందుకు? రేపు అందరిలాగే రమ్మనండి. అందరితోబాటు చప్పట్లు కొట్టి, పిచ్చుకతో ఆంటీ అనిపించుకుని, ఓ సంచీ పుచ్చుకుని పొమ్మనండి. నా కళ్ళెదుట ఉంటే నాకు నిశ్చింత.”

సంతోషిస్తాడనుకుంది. పెద్దమనసు చేసుకున్నావని అంటాడనుకుంది. డ్రైవరు ముఖంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

“రేపు వద్దులే” అన్నాడు. “ఇంకోసారెప్పుడైనా పిలుద్దాం. పిల్లలంతా ఉంటారు, గోలగా ఉంటుంది.”

“గోలగా ఉంటే దానికేం? మీకేం?”

“నాకేం లేదు” అని బకెట్టు తీసుకుని కుళాయి వైపు నడిచాడు. బకెట్టు నిండా నీళ్ళున్నాయి. అది అతను చూసుకోలేదు.

ఇంటికొచ్చి జరిగిందంతా అత్తగారికి చెప్పింది. ఇంకెవరికి చెబుతుంది? ఈ ఇంట్లో కాపరానికి వచ్చినప్పటినించీ, మొగుడితో తగువు పడ్డ ప్రతిసారీ ఆవిడ కోడలి పక్షమే.

అత్తగారు బుగ్గలు నొక్కుకుంది. “మీ అక్క ఊళ్ళో ఉందా? చూశావా, నా చెవిన కూడా వెయ్యలేదు వెధవ!” అని కొడుకుని తిట్టింది. తిట్టాక గొంతు తగ్గించింది. “పిలవకమ్మాయ్. మొత్తుకుంటున్నాననుకోకు. రేపు మాత్రం దాన్ని రానియ్యకు.”

“మీరూ అదే మాట అంటున్నారేం?”

“నీ మంచికే. నువ్వు ఏడిస్తే నేను చూళ్ళేను.”

ఆ మాటకి టైలరమ్మ కళ్ళు తడయ్యాయి. పోన్లే, ఇంట్లో ఒక్క మనిషైనా దాపరికం లేకుండా ఉందనుకుంది. పిలుపు మాత్రం వెనక్కి తీసుకోలేదు. పట్టుదల వచ్చిందంటే ఆమె కూడా అక్కకి తగ్గ చెల్లెలే.

సాయంత్రం దీపాలు పెట్టేవేళకి టోపీలు పూర్తయ్యాయి. ఇక కొవ్వొత్తులు ఆర్పడం నేర్పాలి. నిరుడు అందరూ ఒక్కసారి చప్పట్లు కొట్టేసరికి పిచ్చుక హడలిపోయి మిషను కిందికి దూరింది. బతిమాలి బయటికి లాగేలోపల మైనం కారి కేకు సగం పాడైంది. ఈ ఏడు అలా పాడుచేసుకునే తాహతు లేదు. కొవ్వొత్తులు ఇప్పుడే వెలిగిస్తే రేపటికి పొట్టివైపోతాయి కనక, పీట మీద అయిదు దారపు రీళ్ళు నిలబెట్టి, ఒక్కోదాని కొస పైకి లాగి వత్తిలా నించోబెట్టింది.

“ఇదే కేకనుకో. నేనూ నానమ్మా చప్పట్లు కొడతాం. భయపడకూడదు. మెల్లిగా దగ్గరికొచ్చి ఊదాలి. సరేనా?”

“సరే.”

“అత్తయ్యా, కొట్టండి.”

“ఇప్పుడెందుకమ్మాయ్, అలిసిపోయింది పిల్ల. రేపు చూసుకుందాంలే” అంది అత్తగారు.

టైలరమ్మ వినలేదు. తనే గట్టిగా చప్పట్లు చరిచింది. పిచ్చుక అదరలేదు, బెదరలేదు. దర్జాగా పీట దగ్గరికి నడిచొచ్చి, జుట్టు ముందుకి పడకుండా రెండు చేతులా వెనక్కి పట్టుకుంది. కళ్ళు మూసుకుంది. బుగ్గలు పూరించి అయిదు దారాలనీ ఒక్క ఊపున పడుకోబెట్టింది. ఆపైన కుడిచెయ్యి చాపి, “చాకు ఏదీ?” అంది.

టైలరమ్మ మురిసిపోయింది. “ఓసి నీ అసాధ్యం కూలా! జుట్టు పట్టుకోవాలని ఎవరు నేర్పారే నీకు?”

“జుట్టు అంటుకుంటుంది కదమ్మా. మొన్న ఊదినప్పుడు కొంచెం కాలింది.”

“మొన్నెప్పుడు?”

అత్తగారు కాగితపు గొలుసు చేతిలోకి తీసుకుంది. “బళ్ళో ఎవరిదో పుట్టినరోజు అయ్యుంటుందిలే. పిల్లలన్నాక చేస్తుంటారు.”

“బళ్ళో కాదు నానమ్మా, నాది!” పిచ్చుకకి రోషం వచ్చింది. “నాకు అయిదు వచ్చేశాయి. కొవ్వొత్తులు నేనే లెక్కపెట్టాను. అమ్మా, రేపు కూడా అయిదేనా? ఆరు పెట్టవా?”

గుమ్మంలో చప్పుడైంది. కింది వాటా వాళ్ళ కుర్చీలు రెండు చంకన పెట్టుకుని డ్రైవరు అక్కడే ఆగిపోయాడు. లోపలికీ రాలేదు, వెనక్కీ పోలేదు.

టైలరమ్మ నేల మీద కూర్చుండిపోయింది. పిల్ల ముఖం తన ముఖానికి ఎదురుగా వచ్చింది. “ఎక్కడ ఊదావు తల్లీ?” గొంతు ఎంత నెమ్మదిగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమేసింది.

“కుట్టే ఆంటీ వాళ్ళింట్లో. నానమ్మ కళ్ళల్లో చుక్కలు వేయించుకోడానికి వెళ్ళిన రోజు. నాన్న ఫొటో తీశాడు. కేకు కోస్తుంటే నానమ్మే కదా నా చెయ్యి పట్టుకుంది!”

కళ్ళ డాక్టరు దగ్గరికని పోయినవారం అత్తగారు బయల్దేరిన రోజు టైలరమ్మకి గుర్తొచ్చింది. తోడుగా పిచ్చుకని తీసుకెళతానంటే, జాగ్రత్త అత్తయ్యా అని చెప్పి మెట్ల దాకా దిగి సాగనంపింది తనే. అది పిచ్చుక అసలు పుట్టిన తేదీ అని ఎవరూ చెప్పక్కర్లేదు ఆమెకి. ఏటా ఆ రోజు ఎవరికీ చెప్పకుండా తలుపేసుకుని భయపడేది తనే.

అత్తగారి వైపు చూసింది. ఆవిడ గొలుసు మీదనించి తలెత్తలేదు. ఆవిడ చెవులు ఎర్రబడలేదు. జిగురు రాసిన కాగితం మీద వేలు అదిమిపెట్టి అలాగే కూర్చుంది.

టైలరమ్మ మళ్ళీ పిల్ల వైపు తిరిగింది. రేపు అక్క డాబా మీదికి వస్తుంది. అందరూ ఉంటారు. వాళ్ళ ముందు పిల్ల నోట ఏ మాట వస్తుందో ఇప్పుడే తెలియాలి.

“పిచ్చుకా, అక్కడ ఆవిడని నువ్వు ఏమని పిలిచావమ్మా?”

పిచ్చుక నోరు తెరిచింది. తెరిచినది మూసింది. తల్లి భుజం మీదుగా తొంగి చూసి అడిగింది.

“ఇప్పుడు చెప్పొచ్చా, నానమ్మా?”